ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఖండాలు, సంస్కృతులు: రెండు భాషల తరగతిలో ఎలా చెప్పాలి?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ఒకటి, రెండు తరగతులు కలిపి 30 మంది. ఇంట్లో తెలుగే, బడిలో ఇంగ్లీషు మీడియం, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. రెండు నెలల్లో ఏడు ఖండాలూ, అక్కడి మనుషులు ఎలా బతుకుతారన్నదీ పరిచయం చెయ్యాలి. ప్రతి వాక్యం ఇంగ్లీషులో చెప్పి వెంటనే తెలుగులో చెప్తున్నా పిల్లలకు ఏమీ నిలవడం లేదు. వారానికో ఖండం చొప్పున వేషాలు వేయించి ‘ఆఫ్రికా డే’, ‘యూరప్ డే’ జరిపితే బాగుంటుందా?

మొదట ఆ వెంటవెంటనే అనువాదం ఆపండి, నిలవకపోవడానికి కారణం అదే. ఎలాగూ తెలుగు వాక్యం వస్తుందని తెలిశాక ఏ పిల్లాడూ ఇంగ్లీషు వాక్యం వినడు. ఇంగ్లీషు నడుస్తున్నంతసేపు కిటికీలోంచి చూసి, తెలుగు మొదలవగానే తల తిప్పుతాడు. అది తెలివైన పనే. దాని బదులు 25 నిమిషాల పీరియడ్‌ను మూడు ముక్కలు చెయ్యండి. మొదటి 5 నిమిషాలు పూర్తిగా తెలుగులో: ఈరోజు ఏం చూస్తాం, ఎందుకు. మధ్య 15 నిమిషాలు ఇంగ్లీషులో, కానీ చేతిలో వస్తువు, కింద పటం ఉండాలి. అర్థం కాకపోతే అనువదించకండి, వేలితో చూపించండి. చివరి 5 నిమిషాలు మళ్ళీ తెలుగులో, ఈసారి మాట్లాడేది పిల్లలు. మధ్య ముక్కలో పిల్లాడు తెలుగులో జవాబు చెబితే ‘ఇంగ్లీష్‌లో చెప్పు’ అనకండి. ‘సముద్రం!’ అంటే ‘యెస్, ఇట్ ఈజ్ ది ఓషన్’ అని మీరు ఇంగ్లీషులో అందుకుంటే చాలు.

ఇక ఏది ఏ భాషలో అన్నది పీరియడ్ మొదలవకముందే తేలిపోవాలి. అర్థం తెలుగులో, పేర్లూ చిన్న వాక్యాలూ ఇంగ్లీషులో. ఉదాహరణకు ఖండానికీ దేశానికీ తేడా ఇంగ్లీషులో మొదలుపెడితే ఆ పీరియడ్ పోయినట్టే. ‘కాంటినెంట్’, ‘కంట్రీ’ రెండూ ఆరేళ్ళ చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. తెలుగులో ఖండం, దేశం అన్న మాటల మధ్య ఆ తికమక లేదు. పైగా ఖండం అంటే ముక్క, మాటలోనే పాఠం ఉంది: నీళ్ళ మధ్య నేల పెద్దపెద్ద ముక్కలుగా ఉంది, ఒక్కో ముక్క ఒక్కో ఖండం. ఆసియా, ఐరోపా మధ్య నీళ్ళు లేవు కదా అని చురుకైనవాళ్ళు పటం చూసి అడుగుతారు. అది మనుషులు పెట్టుకున్న హద్దు అని ఒప్పేసుకోండి. కొన్ని దేశాల బడుల్లో రెండు అమెరికాలనూ కలిపి ఒకే ఖండంగా లెక్కపెడతారు.

ఇంట్లో పూజలు జరిగే పిల్లల నుంచి ఇంకో ప్రశ్న రావచ్చు. సంకల్పంలో ‘భరతవర్షే భరతఖండే’ అని వింటారు కాబట్టి, భారతదేశం ఖండమే కదా అంటారు. తప్పు అనకండి. అది పాతకాలపు లెక్క, ఇప్పటి పటంలో మనది దేశం, అది ఉన్న ఖండం ఆసియా అని చెబితే చాలు.

‘నేను ఇండియాలో ఉన్నాను, మరి ఆసియాలో ఎలా ఉంటాను?’ అన్నది ఈ వయసులో అసలు చిక్కు. జెనీవా పిల్లలు తాము ఒకేసారి జెనీవా వాళ్ళమూ, స్విస్ వాళ్ళమూ కాలేమనుకోవడం స్విస్ మనస్తత్వవేత్త పియాజే రాసిన సంగతే. దీన్ని మాటలతో విప్పలేం. ఒకదానిలో ఒకటి పట్టే స్టీలు డబ్బాల సెట్టు తెప్పించండి. ఆరు చాలు. చిన్న డబ్బాలో పిల్లాడి పేరు రాసిన చీటీ, దాని మూత మీద ‘మా ఊరు’, తర్వాత ‘మా జిల్లా’, ‘మా రాష్ట్రం’, ‘భారతదేశం’, ‘ఆసియా’, అన్నిటికన్నా పెద్దదాని మీద ‘భూమి’. లోపలి నుంచి బయటికి మూసుకుంటూ పోయి, పెద్ద డబ్బా ఊపి, ‘రవి ఎక్కడున్నాడు?’ అని అడగండి. ఊళ్ళో ఉన్నాడా? ఆసియాలో ఉన్నాడా? డబ్బాల గలగల వినిపిస్తుంటే రెండూ నిజమేనని వాళ్ళే ఒప్పుకుంటారు. మూతల మీద తెలుగు, ఇంగ్లీషు పేర్లు రెండూ ఉండాలి. ఇక్కడే ఇంగ్లీషు వాక్యం ఒకటి పుడుతుంది: ‘ఐ లివ్ ఇన్ …’ అని ప్రతి మూతకూ ఒకసారి.

డబ్బాల తర్వాత గ్లోబు, ఆ తర్వాతే పటం. కొన్న గ్లోబు మీద దేశాల రంగులు, సన్న అక్షరాలు నిండిపోయి పిల్లలకు ఏదీ కనపడదు. మాంటిస్సోరి బడుల్లో మొదట ఇచ్చే గ్లోబులో రెండే ఉంటాయి: గరుకుగా నేల, నున్నగా నీళ్ళు. ఇది చేసుకోవడం కష్టం కాదు. 20 సెంటీమీటర్ల గట్టి ప్లాస్టిక్ బంతికి నీలం ఎనామిల్ పెయింటు రెండు కోట్లు వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. పెన్సిలుతో ఖండాల అంచులు గీసి, లోపల ఫెవికాల్ పల్చగా రాసి, పిండి జల్లెడలో జల్లించిన ఇసుక చల్లండి. ఒక్కో ఖండం ఆరాకే ఇంకోటి, లేకపోతే చెయ్యి తగిలి అంచులు చెదురుతాయి. మర్నాడు నీళ్ళు కలిపిన ఫెవికాల్ పైన ఇంకో పూత పూస్తే ఇసుక రాలదు. ఇసుక బదులు రవ్వ వాడితే నాలుగు రోజులకే చీమలు పడతాయి, వానాకాలంలో బూజు కూడా. పిల్లలు కళ్ళు మూసుకుని తడిమి ‘ల్యాండ్’, ‘వాటర్’ అని చెప్పాలి. వేళ్ళు ఎక్కువసార్లు నున్నటి చోటే పడతాయి. భూమ్మీద నీళ్ళే ఎక్కువన్న సంగతి అలా చేతికే తెలుస్తుంది.

ఆ తర్వాత ఏడు ఖండాల ముక్కలు. 5 మిల్లీమీటర్ల ఫోమ్ షీటుతో కత్తిరించుకోవచ్చు, మందపాటి అట్ట అయినా ఫరవాలేదు. మాంటిస్సోరి రంగులు చాలాచోట్ల వాడుకలో ఉన్నాయి కాబట్టి వాటినే పట్టుకోండి: ఆసియా పసుపు, ఆఫ్రికా ఆకుపచ్చ, ఐరోపా ఎరుపు, ఉత్తర అమెరికా నారింజ, దక్షిణ అమెరికా గులాబి, ఆస్ట్రేలియా గోధుమ, అంటార్కిటికా తెలుపు. ఇక్కడ తెలుగు తరగతికి మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటుంది. మనకు ‘పచ్చ’ అంటే పసుపూ కావచ్చు, ఆకుపచ్చా కావచ్చు. ‘పచ్చ ముక్క తియ్యి’ అంటే సగం మంది ఆసియా, సగం మంది ఆఫ్రికా తీస్తారు. ‘పసుపు’, ‘ఆకుపచ్చ’ అని తప్పనిసరిగా విడదీసి పలకండి.

ఏ ఖండాలు ముందు అన్నదానికీ చెవే ఆధారం. మన లిపిలో ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, అమెరికా అన్నీ అ, ఆ లతోనే మొదలవుతాయి, మొదటి అక్షరం చూసి గుర్తుపట్టే దారి లేదు. అందుకే పలుకులోనూ ఆకారంలోనూ దూరంగా ఉన్నవి కలిపి ఇవ్వాలి. మొదటి విడత: ఆసియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా. రెండో విడత: ఆఫ్రికా, ఐరోపా. మూడో విడత: ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికా. ఆసియా, ఆస్ట్రేలియా ఒకే రోజు ఇస్తే రెండు వారాలు వాటిని విడదీయడానికే పోతాయి.

ఒక్కో విడతకూ మూడు మెట్లు. ‘దిస్ ఈజ్ ఏషియా’ అని ముక్క చేతికివ్వడం మొదటిది. ‘ఏషియా ఎక్కడ? నా అరచేతిలో పెట్టు. ఇప్పుడు కిటికీ దగ్గర పెట్టు’ అన్నది రెండోది. ‘ఇదేంటి?’ అని అడగడం మూడోది. అందరూ మూడోదానికి ఉరుకుతారు. అసలు పని జరిగేది రెండోదాంట్లో, ఎంతసేపు ఆడిస్తే అంత మంచిది. మూడోదాంట్లో తప్పు చెబితే దిద్దకుండా రెండోదానికి వెనక్కి రండి.

పేర్ల విషయంలో ఒక ఒప్పందం చేసుకోండి. ఆసియా, ఏషియా ఒకే పేరుకు రెండు పలుకులు, వాటికి వేరే కార్డులు అక్కర్లేదు. ఐరోపా, యూరప్ మాత్రం పిల్లలకు రెండు వేర్వేరు చోట్లే. ఈ ఒక్కదానికి రెండు కార్డులు పెట్టి జత కలిపించండి. హిందూ మహాసముద్రం, ‘ఇండియన్ ఓషన్’ కూడా అంతే. నిజంగా నేర్పాల్సిన ఇంగ్లీషు మాటలు నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్. అవి కూడా పొద్దున ప్రేయర్ దగ్గర సూర్యుడికి ఎదురుగా నిలబెట్టి నేర్పాలి, గోడ పటం ముందు కాదు. గోడ మీద నేర్చుకుంటే నార్త్ అంటే ఆకాశం వైపు అనుకుంటారు.

క్రికెట్ చూసే ఇళ్ళ పిల్లలకు ఇంకో చిక్కు: సౌత్ ఆఫ్రికా దేశం, సౌత్ అమెరికా ఖండం. ‘అమెరికా’ అంటే మన వాడుకలో యూఎస్‌ఏ. ‘మా బాబాయి అమెరికాలో ఉన్నాడు’ అన్న పిల్లను ఉత్తర అమెరికా ముక్క దగ్గరికి తీసుకెళ్ళి, దానిలో కెనడా, మెక్సికో కూడా ఉన్నాయని చూపిస్తే అక్కడికి చాలు.

నేల మీద పటం ఒకటి ఉండి తీరాలి. వరండాలో ముగ్గుతో 25 సెంటీమీటర్ల గళ్ళు గీయండి, అడ్డంగా 12, నిలువుగా 6. అంటే 3 మీటర్లు, మీటరున్నర. ఒక్కో గడి 30 డిగ్రీలు. మధ్యలో అడ్డంగా పోయే గీత భూమధ్యరేఖ, అది మాత్రం ఎర్రగా వెయ్యండి. ఎడమ నుంచి తొమ్మిదో నిలువు వరస, పై నుంచి మూడో అడ్డ వరస కలిసే గడిలో భారతదేశంలో ఎక్కువ భాగం పడుతుంది, కశ్మీరు పై గడిలోకి, ఈశాన్య రాష్ట్రాలు పక్క గడిలోకి పోతాయి. పుస్తకంలో పటానికి కూడా ఇవే గళ్ళు గీసుకుంటే గడికి గడి దించేయొచ్చు. అయితే గుండ్రని భూమిని చదును చేశాం కాబట్టి పైనా కిందా సాగిపోతుంది, అంటార్కిటికా అడుగున పొడుగాటి పట్టీలా వస్తుంది. బజారులో దొరికే గోడ పటాల్లో చాలావాటిది ఇంకా ఎక్కువ సాగుడు. వాటిలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు.

ఈ సంగతి చింతగింజలతో నిమిషంలో తేలుతుంది. ఒక గింజ అంటే 10 లక్షల చదరపు కిలోమీటర్లు అనుకోండి. ఆసియాకు 45 గింజలు, ఆఫ్రికాకు 30, ఉత్తర అమెరికాకు 25, దక్షిణ అమెరికాకు 18, అంటార్కిటికాకు 14, ఐరోపాకు 10, ఆస్ట్రేలియాకు 8. మొత్తం 150. ఆసియా కుప్పలోంచి మూడు గింజలు పక్కకు తీస్తే అది భారతదేశం. గ్రీన్‌లాండ్‌కు రెండే. లెక్కల పీరియడ్‌కూ పనికొస్తుంది. ఐదేళ్ళలోపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వెంట వచ్చే బడి అయితే గింజలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి, నోట్లో పెట్టుకుంటారు.

ఇప్పుడు సంస్కృతుల సంగతి. ‘ఆఫ్రికా డే’ వద్దు. 54 దేశాలున్న ఖండాన్ని ఒక పూటలో చూపించాలంటే మిగిలేవి ఈకల కిరీటం, సింహం బొమ్మ, మొహానికి పూసిన రంగు. పిల్లలకు గుర్తుండేది కూడా అదే. ఖండం పేరుతో మొదలుపెట్టి అక్కడి వింతలు ఏరే బదులు, పిల్లల చేతిలో ఇప్పటికే ఉన్న వస్తువుతో మొదలుపెట్టి అది ఎక్కడెక్కడ ఉందో వెతకండి. ‘ఆఫ్రికా వాళ్ళు ఏం తింటారు?’ అన్న ప్రశ్నకు జవాబే లేదు. ‘సంగటి మనమే తింటామా?’ అన్నదానికి మంచి జవాబుంది.

రాగి సంగటి తెలిసిన పిల్లలకు కెన్యాలో తినే ఉగాలి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. మొక్కజొన్న పిండిని మరిగే నీళ్ళలో పోసి, ముద్ద అయ్యేదాకా గట్టిగా కలిపి, చేత్తో తుంచుకుని, వేలితో గుంట చేసి, కూరలో అద్దుకుని తింటారు. వంటామెతో చేయించండి: పిండి 1 గ్లాసు, నీళ్ళు 2 గ్లాసులు, పిల్లకు నిమ్మకాయంత ముద్ద. కొట్లో ‘కార్న్ ఫ్లోర్’ అని అడిగితే తెల్లటి గంజిపొడి ఇస్తారు, అది జిగురులా మారుతుంది. మొక్కజొన్నలు మరపట్టించిన పిండి కావాలి. మన పిండి పసుపు, అక్కడ ఎక్కువగా తెల్ల మొక్కజొన్న వాడతారు కాబట్టి రంగు తేడా ముందే చెప్పండి. ఇందులో ఒక మెలిక కూడా ఉంది: మన రాగులు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన పంట, వాళ్ళ మొక్కజొన్న అమెరికా ఖండాల నుంచి వెళ్ళినది. ముక్కలు పటం మీద పరిచి, రాగులు ఒక చిటికెడు ఆఫ్రికా మీంచి ఆసియాకు, మొక్కజొన్న గింజలు అమెరికా మీంచి ఆఫ్రికాకు పిల్లల చేతే జరిపించండి.

అదే పద్ధతిలో టమాటా పప్పు. కంది మనది. టమాటా, మిరపకాయ దక్షిణ, మధ్య అమెరికాల నుంచి వచ్చాయి, చింతపండు చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. (అరబ్బులు దాన్ని ‘ఇండియా ఖర్జూరం’ అన్నారు, అదో తమాషా.) మిరపకాయ రాకముందు కారానికి ఎక్కువగా మిరియాలే వాడేవారంటే పిల్లలు నమ్మరు, ‘మిరియం’, ‘మిరప’ మాటలు పక్కపక్కన బోర్డు మీద రాసి చూపించండి.

ఆటల్లో వామనగుంటలను మించింది లేదు. మనకు రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు, గింజల లెక్క ఇంటింటికీ మారుతుంది. ఘనాలో ఆడే ఓవారేకు రెండు వరసలు, వరసకు ఆరు, గుంటకు 4 గింజలు, మొత్తం 48. గుడ్ల అట్టలో ఐదు వరసలు, వరసకు ఆరు గుంటలు ఉంటాయి. రెండేసి వరసలు కత్తిరిస్తే ఒక అట్టకు రెండు ఓవారే పలకలు. మధ్యాహ్న భోజనానికి గుడ్లు వచ్చే బడిలో అట్టలకు కరువుండదు. ఈ వయసుకు గెలుపు నియమాలు అనవసరం, ఒక గుంట ఖాళీ చేసి ఒక్కో గింజ పంచుకుంటూ పోవడం చాలు. ఇంగ్లీషు ముక్కలో ‘పిక్ అప్’, ‘డ్రాప్ వన్’, ‘యువర్ టర్న్’ అన్న మూడు మాటలు వందసార్లు వాడబడతాయి. అవి గుర్తుండిపోతాయి, ఎందుకంటే అవి లేకుండా ఆట నడవదు.

తెలుగు వాళ్ళు ఉన్న చోట్లు కూడా పటంలోకి తేవచ్చు, అతిశయోక్తి లేకుండా. ఆఫ్రికా ఖండంలో లెక్కపెట్టే మారిషస్ ద్వీపంలో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది, చెరకు తోటల పనికి వెళ్ళిన వాళ్ళ వారసులు అక్కడున్నారు. ఉగాదిలాగే కొత్త సంవత్సరం ఒక్కో చోట ఒక్కో రోజు: ఇతియోపియాలో మామూలుగా సెప్టెంబరు 11న (లీపు సంవత్సరానికి ముందు ఏడాది 12న) వస్తుంది, ఇరాన్‌లో మార్చి 20, 21 ప్రాంతంలో, దాదాపు మన ఉగాది రోజుల్లోనే.

ఫొటోల విషయంలో ఒక నియమం: ఏ దేశానికైనా నాలుగుకు తక్కువ చూపించకండి. ఒక ఊరు, ఒక పట్నం వీధి, ఒక బడి, ఒక వంటిల్లు. కెన్యా అంటే నైరోబీలో బస్సు కూడా కనపడాలి. ఉత్తర ధ్రువం వైపు మంచు ప్రాంతాల్లో ఉండే ఇన్యూయిట్ జనం పిల్లలు మంచు గుమ్మటాల్లో కాదు, మామూలు ఇళ్ళల్లో ఉంటారని ఫొటోయే చెప్పాలి. కింద పేరు రాసేటప్పుడు ‘ఆఫ్రికా వాళ్ళు’ అని కాక ‘కెన్యాలో ఒక బడి’ అని రాయండి. అంటార్కిటికాకు సొంత జనం లేరు, అక్కడికి సైంటిస్టులు వెళ్ళి వస్తారు. మన దేశానికి అక్కడ 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి కేంద్రాలున్నాయి.

‘ఛీ’, ‘నల్లోళ్ళు’, ‘కళ్ళు అలా ఉన్నాయేంటి’ అన్న మాటలు వస్తాయి. రాకుండా చెయ్యలేం. తిడితే మీ ముందు మానేసి బయట అంటారు. ‘ఛీ’కి బదులు ఒక మాట మొదటి రోజే ఇవ్వండి: ‘నాకిది కొత్త’, ఇంగ్లీషు ముక్కలో ‘ఇట్ ఈజ్ న్యూ టు మీ’. రంగు మాట వచ్చినప్పుడు పాఠం ఆపి, తరగతిలో అందరి చేతులూ ఒకచోట పెట్టించి చూడమనండి, ఏ రెండూ ఒక్క రంగులో ఉండవు. తర్వాత ఫొటోలో మనిషి ఏం చేస్తున్నాడన్న ప్రశ్నకు తిరిగి వెళ్ళిపోండి. ఉపన్యాసం వద్దు.

భాషలో ఒక తప్పు అందరూ చేస్తారు, దానికి కారణం తెలిస్తే మీకు విసుగు రాదు. తెలుగులో ‘కెన్యాలో ఉగాలి తింటారు’ అంటే చాలు, ఎవరన్నది చెప్పక్కర్లేదు. అందుకే పిల్లలు ‘ఇన్ కెన్యా ఈట్ ఉగాలి’ అంటారు. ‘పీపుల్’ అన్న మాటను ఒక మనిషి బొమ్మ కార్డుగా చేసి, ఈ వాక్యం చెప్పేటప్పుడల్లా ఆ కార్డు ముందు పెట్టించండి: ‘పీపుల్ ఇన్ కెన్యా ఈట్ ఉగాలి’.

రెండు నెలలంటే వారానికి నాలుగు పీరియడ్‌ల చొప్పున 32. డబ్బాలు, గ్లోబుకు 5, ముక్కలు, నేల పటానికి 11, తిండి, ఆట, ఇల్లు, బడి అన్న నాలుగు ప్రశ్నలకు 14, చివరి 2 పరీక్షకు. ఖండాలు ఏడూ సమానంగా రావాలన్న పట్టింపు వదిలెయ్యండి, ఐరోపాకు రెండు పీరియడ్‌లు, ఆఫ్రికాకు ఐదు పట్టినా నష్టం లేదు.

పరీక్ష అంటే పటానికి రంగులు వేయించడం కాదు, దాన్ని పక్కవాడి పేజీ చూసి వేస్తారు. ముక్కలన్నీ ఒకే రంగు అట్టతో ఇంకో జత చేసి ఇవ్వండి, రంగును బట్టి పేరు కంఠతా పట్టినవాళ్ళు అక్కడే దొరికిపోతారు. ఆ తర్వాత నేల పటానికి దక్షిణం వైపు నిలబెట్టిన పిల్లను ఉత్తరం వైపు నిలబెట్టి, అన్నీ తలకిందులుగా కనపడేలా, ఇండియా మీద నిలబడమనండి. అక్కడి నుంచి పడవలో ఆఫ్రికాకు వెళ్ళాలంటే ఏ సముద్రం దాటాలో ఏ భాషలో చెప్పినా మార్కులు ఇవ్వండి, నడిచి చూపించినా ఇవ్వండి.